పిల్లి ఇంట్లో ఒక్కరి దగ్గరికే ఎందుకెళ్తుంది? అపోహలు - వాస్తవాలు

నేను పెట్ డాక్టర్‌ని. పిల్లిని చూపించడానికొచ్చి, పనంతా అయిపోయి బాస్కెట్‌లో పెట్టేసుకున్నాక, వెళ్తూ వెళ్తూ చాలామంది అడిగేది ఒకటుంది, "తిండి పెట్టేది నేను, లిట్టర్ (అది మలమూత్రాలకి వాడే ఇసుక ట్రే) క్లీన్ చేసేది నేను, ఇదేమో మా ఆయన దగ్గరికే పోతుంది డాక్టర్ గారూ" అని. అడిగేవాళ్ళకి అది నిజంగానే బాధగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

అపోహ: తిండి పెట్టేవాళ్ళదే పిల్లి

తిండి వల్ల పరిచయం పెరుగుతుంది, కాదనను. కానీ అదొక్కటే చాలదు. అమెరికాలో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో ఒక స్టడీ చేశారు, పిల్లుల ముందు తిండి, బొమ్మలు, వాసనలు, మనిషితో గడపడం ఇవన్నీ పెట్టి ఏది కావాలో వాటినే ఎంచుకోనిస్తే సగం పిల్లులు మనిషి దగ్గరికే వెళ్ళాయి, తిండి ఎంచుకున్నవి 37 శాతమే.

అపోహ: కుక్కకి మనిషి ముఖ్యం, పిల్లికి ఇల్లు ముఖ్యం

ఈ మాట ఎంతమంది నోట విన్నానో. పిల్లికి తన చోటు ముఖ్యమే, దానర్థం మనిషి అక్కర్లేదని కాదు. అదే యూనివర్సిటీ 2019లో పిల్లికూనల్ని కొత్త గదిలో యజమానితో రెండు నిమిషాలు, తర్వాత ఒంటరిగా రెండు నిమిషాలు ఉంచి, మళ్ళీ యజమానిని లోపలికి పంపి చూసింది. దాదాపు 64 శాతం కూనలు మనిషి రాగానే కుదుటపడి మళ్ళీ గదంతా తిరగడం మొదలుపెట్టాయి, అంటే ఆ మనిషి ఉంటే వాటికి ధైర్యం. ఇక పిలిస్తే రాదంటారా, మీ గొంతు దానికి బాగా తెలుసు, లేచి రాకపోయినా చెవి మీ వైపు తిరిగిందేమో చూడండి.

అపోహ: ఎంత ఎత్తుకుని ముద్దు చేస్తే అంత దగ్గరవుతుంది

నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే, ప్రేమ ఎక్కువున్నవాళ్ళే చేస్తారు కూడా. పిల్లి తనంతట తాను మొదలుపెట్టిన ఆట గానీ ముద్దు గానీ ఎక్కువసేపు నడుస్తుంది, మనం వెళ్ళి పట్టుకుంటే తొందరగా తెగిపోతుంది. ఇంట్లో ఒకరు పేపర్ చదువుకుంటూ దాని జోలికి పోకుండా కూర్చుంటారు, దగ్గరికొస్తే చెయ్యి చాపుతారు, వెళ్ళిపోతానంటే పోనిస్తారు, పిల్లి ఎంచుకునేది దాదాపుగా ఆ మనిషినే. పిల్లులంటే పడని చుట్టం ఇంటికొస్తే నేరుగా ఆయన పక్కకే వెళ్ళడం కూడా చాలావరకు ఇందుకే, ఆయన దాని కళ్ళలోకి చూడడు, మీద పడి పట్టుకోడు, దానికి భయం ఉండదు.

ఎక్కడ ముట్టుకుంటున్నారో కూడా చూసుకోండి. బుగ్గలు, గడ్డం కింద, చెవుల దగ్గర నిమిరితే చాలా పిల్లులకి హాయి, తోక మొదట్లో, పొట్ట మీద చాలావాటికి నచ్చదు. నాలుగైదు సెకన్లు నిమిరి ఆపండి, ఇంకా కావాలనుకుంటే తలతో చేతిని నెడుతుంది. తోక విసురుతోందా, చెవులు పక్కకి వాలాయా, వీపు చర్మం అదురుతోందా, అయితే చాలంటోంది, వదిలెయ్యండి. తదేకంగా చూడటం మాని కళ్ళు సగం మూసి మెల్లగా రెప్పలార్పండి, ఇలా చేసిన మనుషుల దగ్గరికి పిల్లులు రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయని ఇంగ్లండ్‌లో ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో చూపించారు.

అపోహ: ఒళ్ళో కూర్చోకపోతే ఇష్టం లేనట్టే

కాదు. కొన్ని జన్మలో ఒళ్ళోకి ఎక్కవు. తోక నిటారుగా ఎత్తి ఎదురురావడం, కాళ్ళకి బుగ్గ రుద్దడం (అక్కడి గ్రంథుల వాసన మీకు అంటించి తనవాళ్ళలో కలుపుకోవడం అది), మీరున్న గదిలోనే కాస్త దూరంగా పడుకోవడం, ఇవన్నీ ఇష్టమే. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో తిరగని కూనకి పెద్దయ్యాక మనిషిని నమ్మడానికి చాలా టైమ్ పడుతుంది, అలాంటి పిల్లి మీకు రెండడుగుల దూరంలో కళ్ళు మూసుకుని నిద్రపోతోందంటే నా దృష్టిలో అది చాలా పెద్ద నమ్మకం.

అపోహ: ఇష్టమైన మనిషి ఊరెళ్తే పగబట్టి పక్క మీద పోసింది

దయచేసి తిట్టకండి, కొట్టకండి. పిల్లి పగతో ఇలా చెయ్యదు. అలవాటైన మనిషి లేకపోవడం, టైమింగ్స్ మారడం దానికి స్ట్రెస్, ఆ స్ట్రెస్‌తో మూత్రాశయం వాచే జబ్బు చాలా పిల్లుల్లో వస్తుంది, అందుకే లిట్టర్ బయట పోస్తుంది. మాటిమాటికీ లిట్టర్ దగ్గర కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే, అందులోనూ మగపిల్లయితే, రేపు చూద్దాం అనుకోకండి, మూత్రం వచ్చే దారి మూసుకుపోయి ప్రాణం మీదకి వస్తుంది, ఆ గంటలోనే బయల్దేరండి.

ఆ మనిషి వెళ్ళేముందు వేసుకున్న, ఉతకని చొక్కా ఒకటి అది పడుకునే చోట ఉంచండి, తిండి టైమ్, ఆట టైమ్ మార్చొద్దు, ఉన్నవాళ్ళలో ఒక్కరే ఆ పనులు చూసుకుంటే ఇంకా మంచిది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మాత్రం బెంగే కదా తగ్గుతుందిలే అని ఆగొద్దు, లావుగా ఉన్న పిల్లి కొన్నాళ్ళు తినకుండా ఉంటే లివర్‌లో కొవ్వు పేరుకుపోతుంది, ఫోన్ చేసి తీసుకురండి.