రూపాయికి 8 పైసలు: లైబ్రరీ సెస్సు గొడవ వెనుక కథ

గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయంటే, ఇంటి పన్నుతో పాటు లైబ్రరీల కోసం మున్సిపాలిటీ వసూలు చేసే సెస్సు బకాయిల మాట మళ్లీ పైకొస్తుంది. నవంబరు 14 నుంచి 20 దాకా పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడతారు, అతిథులకు శాలువాలు కప్పుతారు. ఆ వేదిక మీదే ఎవరో ఒకరు లేచి 'మున్సిపాలిటీ మా డబ్బు ఎప్పుడిస్తుంది?' అని అడుగుతారు. చప్పట్లు కొడతారు. 21వ తేదీకి అందరూ మరిచిపోతారు. ఈసారి మా ఊళ్లో అలా జరగలేదు. ప్రశ్న అడిగింది వేదిక మీది పెద్దలు కాదు. హాల్లో వెనక వరసలో గ్రూప్-2కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదువుకుంటున్న పిల్లలు అడిగారు. వాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

వాళ్లు అడగడానికి కారణం ఉంది. మా శాఖా గ్రంథాలయానికి ఒక ప్లాన్ తయారై ఉంది. మేడ మీద రీడింగ్ హాలు, అందులో ప్రతి బల్ల దగ్గరా ప్లగ్ పాయింటు. కంప్యూటర్లతో ఒక డిజిటల్ గది. కింద పిల్లలకు బొమ్మల పుస్తకాల కోసం ఒక మూల. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యాహ్నం తాళం వేయకుండా పొద్దున్నుంచి రాత్రి దాకా తెరిచి ఉంచడం. ఇప్పుడైతే పొద్దున మూడు గంటలు తెరిచి మూసేస్తారు, మళ్లీ సాయంత్రం తెరుస్తారు. శుక్రవారం సెలవు. మధ్యాహ్నం పూట ఆ పిల్లలు గుడి అరుగు మీదో బస్టాండు బెంచీ మీదో కూర్చుని చదువుకుంటారు. ప్లాన్‌కు, జిల్లాలో లైబ్రరీలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థ ఒప్పుకుంది, అంచనా కూడా వేశారు. కానీ సంస్థ దగ్గర డబ్బు లేదు. ఆ డబ్బు మున్సిపాలిటీ నుంచి రావాలి. అది ప్రభుత్వం దయతో ఇచ్చే గ్రాంటు కాదు, మనం ఇంటి పన్నుతో పాటు కట్టేసిన సొమ్ము.

నా పన్ను రసీదు తీసి చూశాను. ఇంటి పన్ను ఒక వరస, దాని కింద 'గ్రంథాలయ పన్ను' ఇంకో వరస. రూపాయికి 8 పైసల లెక్క. అంటే 3,000 రూపాయల ఇంటి పన్ను కట్టే కుటుంబం, దానికి అదనంగా 240 రూపాయలు లైబ్రరీ కోసమని కడుతోంది. ఏళ్ల తరబడి కడుతూ కూడా ఆ వరసను నేను ఎప్పుడూ చదవలేదు. చాలామంది ఇళ్లలో ఇదే పరిస్థితి. ఊరి మొత్తం మీద కోటి రూపాయల ఇంటి పన్ను వసూలైతే, అందులో కలపకుండా విడిగా 8 లక్షలు పుస్తకాల పేరు మీద వసూలైనట్టు.

మరి ఆ 8 లక్షలు లైబ్రరీకి నేరుగా ఎందుకు వెళ్లవు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే 1960 దగ్గర ఆగాలి.

గ్రంథాలయోద్యమం కథ మనకు తెలియనిది కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ, ఊరూరా లైబ్రరీల కోసం తిరిగిన అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పాతూరి నాగభూషణం. వారోత్సవాల ఉపన్యాసాలన్నీ వీళ్ల పేర్లతోనే మొదలవుతాయి, మొదలవ్వాలి కూడా. అయితే ఈ రోజు గొడవకు ఆ కథలో గుర్తు పెట్టుకోవలసింది ఒక్కటే. ఆ లైబ్రరీలను నడిపింది ఊరి కమిటీలు. చందాలు వాళ్లే పోగుచేసేవారు, పుస్తకాలు వాళ్లే కొనేవారు, లెక్క ఊరికి వాళ్లే చెప్పేవారు. డబ్బు తక్కువ పడితే ఎవరిని నిలదీయాలో ఊళ్లో అందరికీ తెలుసు.

చందాల మీద లైబ్రరీ ఎల్లకాలం నడవదని గట్టిగా నమ్మిన మనిషి, గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్. 1930లోనే కాశీలో జరిగిన విద్యా మహాసభలో గ్రంథాలయ చట్టం నమూనా ఒకటి ముందుపెట్టారు. ఆయన పట్టుదలతో 1948లో మద్రాసు ప్రభుత్వం గ్రంథాలయ చట్టం తెచ్చింది. విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియార్ దాన్ని శాసనసభలో నెగ్గించారు. స్వతంత్ర భారతంలో అదే మొదటి గ్రంథాలయ చట్టం. ఇంటి పన్ను మీద రూపాయికి ఆరు పైలు, అంటే అర్ధణా, గ్రంథాలయాలకు. ఎవరి దయా అక్కర్లేకుండా ఏటా వచ్చే డబ్బు. ఆంధ్ర జిల్లాలకు ఈ పద్ధతి అప్పుడే వచ్చింది. తెలంగాణలో హైదరాబాద్ రాష్ట్రం 1955లో వేరే చట్టం చేసుకుంది.

రాష్ట్రం ఒకటయ్యాక ఈ రెండు చట్టాల స్థానంలో 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇప్పటి జిల్లా గ్రంథాలయ సంస్థలు దాని కిందే నడుస్తున్నాయి. రెండు రాష్ట్రాల్లో ఇవాళ్టికీ నడుస్తున్నది ఆ చట్టంలోని పద్ధతే. నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. సెస్సు విధించే హక్కు సంస్థకు ఇచ్చారు. వసూలు చేసే పని మాత్రం మున్సిపాలిటీకి, పంచాయతీకి అప్పగించారు. వాళ్లు ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసి సంస్థకు జమ చేయాలి. అప్పట్లో ఇది తెలివైన ఏర్పాటే. ఒకే ఇంటికి ఇద్దరు బిల్ కలెక్టర్లు ఎందుకు? సంస్థకు వేరే సిబ్బందిని పెట్టి జీతాలివ్వడం ఎందుకు?

కానీ ఆ ఏర్పాటుతో లైబ్రరీ డబ్బు ముందు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా మీదే పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లు, మంచినీటి మోటార్ల రిపేర్లు అన్నీ ఆధారపడి ఉంటాయి. చెత్త ఒక్క రోజు తీయకపోతే ఊరంతా అరుస్తుంది. లైబ్రరీకి ఏడాదిగా కొత్త పుస్తకం రాకపోతే ఎవరూ అరవరు. ఖాతాలో డబ్బు చాలనప్పుడు ముందు ఏది ఆగుతుందో చెప్పనక్కర్లేదు. సంస్థ ఉత్తరం రాస్తుంది, రిమైండర్ రాస్తుంది, కలెక్టర్ గారి సమీక్షలో అడుగుతుంది. ఒక విడత కొంత వస్తుంది. మళ్లీ ఉత్తరం.

ఇది మా ఊరి ఒక్కదాని కథ కాదు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ నుంచి నగర గ్రంథాలయ సంస్థకు రావలసిన సెస్సు బకాయి గురించి ఏళ్లుగా వార్తలు వస్తూనే ఉన్నాయి. అదే నగరంలో చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం దగ్గర సీటు కోసం పొద్దున్నే నిలబడే నిరుద్యోగులను అందరూ చూశారు. బెంగళూరులోనూ ఇదే పేచీ. అక్కడ సెస్సు ఆరు శాతం, తమిళనాడులో పది శాతం. రేటు ఎంతైనా, వసూలు చేసే చెయ్యి వేరూ ఖర్చు పెట్టే చెయ్యి వేరూ అయినచోట తగాదా ఒక్కటే.

1960 చట్టం ఇంకో పని కూడా చేసింది. దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. లైబ్రరీలు సంస్థ కిందికి వచ్చాక పాత ఊరి కమిటీల పని అయిపోయింది. సంస్థకు ఛైర్మన్‌ను ప్రభుత్వం నియమిస్తుంది. ప్రభుత్వం మారితే ఛైర్మన్ మారతారు, లేదా కుర్చీ ఖాళీగా ఉండి ఎవరో అధికారి పర్సన్ ఇన్‌ఛార్జిగా ఉంటారు. ఆ అధికారికి ఇంకా వంద పనులు. మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి 'మా డబ్బు ఏది?' అని బల్ల ముందు కూర్చునే మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. వేటపాలెం సారస్వత నికేతనం లాంటివి ఈ పద్ధతికి బయట, సొంత కమిటీతో, దాతల సాయంతో నిలబడ్డాయి. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికే వెళ్తారు. డబ్బు ఇబ్బంది వాళ్లకూ ఉంటుంది. కానీ తమది అని పట్టించుకునే మనుషులు అక్కడ ఉన్నారు.

మధ్యలో 1992లో రాజ్యాంగ సవరణలు వచ్చాయి. స్థానిక సంస్థలకు పనులు అప్పగిస్తూ రెండు జాబితాలు చేర్చారు. పంచాయతీల జాబితాలో 29 అంశాలు, అందులో ఇరవయ్యోది 'గ్రంథాలయాలు'. మున్సిపాలిటీల జాబితాలో 18 అంశాలు, అందులో గ్రంథాలయం అన్న మాటే లేదు. సాంస్కృతిక, విద్యా విషయాలను ప్రోత్సహించాలని మాత్రం ఉంది. 'లైబ్రరీ మా శాఖ కాదండీ' అని మున్సిపల్ ఆఫీసులో అన్నప్పుడు వినేవాళ్లకు నిజమే అనిపించడానికి ఇదొక కారణం. అయితే సెస్సు విషయంలో ఆ మాట చెల్లదు. లైబ్రరీని నడపమని వాళ్లను ఎవరూ అడగడం లేదు. వసూలు చేసింది జమ చేయమంటున్నారు.

మున్సిపాలిటీ వాళ్లు చెప్పేది కూడా ఉంది. పన్ను డిమాండు మొత్తం వసూలు కాదు, వసూలైన మేరకే సెస్సు ఇవ్వగలం అంటారు. ప్రభుత్వ ఆఫీసులే ఇంటి పన్ను బకాయి పెడుతున్నాయంటారు. కొన్నిచోట్ల లైబ్రరీ మున్సిపల్ భవనంలో ఉంటుంది కాబట్టి అద్దె లెక్క తేల్చాలంటారు. మొదటి రెండూ నిజాలే. కానీ కట్టినవాళ్ల రసీదులో ఆ వరస స్పష్టంగా ఉంది. కనీసం ఆ మేరకైనా ప్రతి నెలా ఎందుకు వెళ్లడం లేదో ఎవరూ చెప్పలేదు.

సెస్సు రాకపోతే ఏమవుతుంది? పర్మనెంట్ సిబ్బంది జీతాలకు ప్రభుత్వ గ్రాంటు ఉంది. కొత్త పుస్తకాలు, పేపర్లు, పత్రికలు, కరెంటు, అద్దె, రిపేర్లు, పార్ట్ టైమ్ వాళ్ల కూలి మాత్రం ఎక్కువగా సెస్సు మీదే నడుస్తాయి. డబ్బు ఆగితే ముందు పత్రికలు తగ్గుతాయి, తర్వాత పేపరు ఏజెంటు బిల్లు పెండింగ్‌లో పడుతుంది. పుస్తకాల సంగతి చివరికి. లైబ్రరీలకు సాయం చేసే, కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పథకాల్లో కూడా, సరిసమాన నిధుల పద్ధతి ఉన్నచోట, ఇక్కడి వాటా కడితేనే అక్కడి వాటా వస్తుంది. ఇక్కడ ఆగిన రూపాయి అలా ఇంకో రూపాయిని కూడా ఆపుతుంది.

మొన్న మా లైబ్రరీకి వెళ్లి పోటీ పరీక్షల బీరువా చూశాను. చేతికి వచ్చిన మొదటి పుస్తకం జనరల్ నాలెడ్జి. అట్ట ఊడిపోతే దారంతో కుట్టారు. లోపల ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 23 అని ఉంది. తెలంగాణ ఏర్పడింది, అక్కడ జిల్లాలు 33 అయ్యాయి, ఇక్కడ కూడా జిల్లాలను విభజించారు. ఆ పుస్తకం మాత్రం ఉమ్మడి రాష్ట్రంలోనే ఉండిపోయింది. దాన్ని చూసి రాసే పిల్లకు మార్కు పోతుంది. అందుకే ఇప్పుడు లైబ్రరీ పుస్తకాలు ఎవరూ తీయడం లేదు. ఇంటి నుంచి సొంత మెటీరియల్ తెచ్చుకుంటారు. కుర్చీ మీద వేసుకోవడానికి దిండు, నీళ్ల సీసా, ఫోన్ ఛార్జర్ కూడా వాళ్లవే. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఆరు ఛార్జర్లు పెట్టి ఉన్నాయి. ఒకమ్మాయి 'ఫీజు కట్టే స్టడీ హాల్‌కు నెలనెలా ఇచ్చుకోలేం సార్, ఇక్కడైతే ఫ్యానూ లైటూ ఉన్నాయి, అది చాలు' అంది. ఆ అమ్మాయి వాళ్ల నాన్న కూడా ఇంటి పన్ను కడుతున్నాడు. ఆ రసీదులోనూ గ్రంథాలయ పన్ను వరస ఉంటుంది.

లైబ్రేరియన్ గారు పుస్తకాల రిజిస్టర్ చూపించారు. వరస నంబర్లు వేసిన పెద్ద పుస్తకం అది. పాత పేజీల్లో ఒకే నెలలో పేజీలకు పేజీలు నవలలు, కథల సంపుటాలు, బాల సాహిత్యం కొన్నట్టు ఎంట్రీలు. ఈమధ్య పేజీల్లో ఎక్కువగా 'బహుమతి' అనే ఉంది. ఎవరో రిటైరైన మాస్టారు ఇచ్చినవి, ఎవరో రచయిత తన పుస్తకం తనే తెచ్చి ఇచ్చినవి. తెలుగు ప్రచురణకర్తలు పుస్తకం వేసేటప్పుడు లైబ్రరీ కొనుగోళ్లను లెక్కలో పెట్టుకునే రోజులుండేవి. ఇప్పుడు పుస్తక మహోత్సవాల వేదికల మీద వాళ్లు ఆ కొనుగోళ్ల కోసం అడుగుతూనే ఉన్నారు. సెస్సు ఆగితే ఆ దెబ్బ రచయిత దాకా వెళ్తుంది.

ఈసారి పిల్లలు పెట్టిన డిమాండు బకాయి గురించి మాత్రమే కాదు. పాత బకాయి వాయిదాల్లో ఇచ్చినా ఒప్పుకుంటామంటున్నారు. ఇక మీదట మాత్రం పన్ను కట్టిన రోజే సెస్సు విడిపోయి నేరుగా సంస్థ ఖాతాలో పడాలంటున్నారు. 1960లో బిల్ కలెక్టర్ సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు, ఇద్దరిని పంపడం దండగ అనుకున్నారు, సబబే. ఇప్పుడు పన్ను ఫోన్‌లో కడుతున్నాం. కట్టిన క్షణంలో ఏ వరస డబ్బు ఏ ఖాతాకు వెళ్లాలో కంప్యూటర్ విడదీయగలదు. చట్టం చెప్పినదాన్ని మార్చనక్కర్లేదు, వసూలు చేసేది అప్పుడూ మున్సిపాలిటీయే. డబ్బు వాళ్ల ఖాతాలో ఆగదు, అంతే తేడా. నేను విన్న పరిష్కారాల్లో ఇదొక్కటే మలుపు దాకా వెనక్కి వెళ్లి ముడి విప్పేదిగా కనిపించింది.

వచ్చే కౌన్సిల్ సమావేశంలో ఈ విషయం పెడతామని వార్డు సభ్యుడొకాయన మాటిచ్చారు. పిల్లలు తమ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి పన్ను రసీదుల జిరాక్సులు తీసుకుంటున్నారు, గ్రంథాలయ పన్ను వరస కింద ఎర్ర పెన్నుతో గీత గీసి. నాది కూడా నిన్న ఇచ్చాను.