డిస్క్ ఉన్నదా, లేనిదా: ఈ గొడవకి మూలం 2013 జూన్

పండగ ఆఫర్లు వచ్చిన ప్రతిసారీ విజయనగరంలో మా వాట్సాప్ గ్రూపులో ఇదే రచ్చ. టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె, అదే కన్సోల్, ఏది కొనాలి, సోనీ వాళ్ళ ప్లేస్టేషనా మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్సా అని మొదలవుతుంది, రెండో రోజుకి డిస్క్ పట్టేదా పట్టనిదా అన్న దగ్గరికొచ్చి పడుతుంది. ఈసారి అగ్గి రాజేసినవాడు మా బావమరిది. పీఎస్5 (ప్లేస్టేషన్ 5) స్లిమ్ మన దేశంలోకి 2024 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు డిస్క్ డ్రైవ్ ఉన్నది 54,990 రూపాయలు, అది లేనిది, అంటే ఆటలన్నీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సింది, 44,990. ఆ పదివేల తేడా వాడి బుర్రలో అలాగే ఉండిపోయింది. "ఇప్పుడింకా డిస్కులెవడు కొంటాడు బావా" అంటాడు. గ్రూపులో సగం మంది వాడి వైపు.

ఈ గొడవ వెనకాల కథేంటో రాత్రికల్లా రాసిమ్మన్నారు కాబట్టి టీవీ వెనక వైర్లు గుచ్చి ఆడిన మారియో, కాంట్రా రోజుల సంగతీ, గంటకింత అని పీఎస్2 ఆడించిన షాపుల సంగతీ ఎత్తను. అవి తెలియనివాళ్ళు ఇది చదవరు. సూటిగా 2013 జూన్‌కి వెళ్దాం, నా లెక్కలో అసలు కథంతా అక్కడే ఉంది.

ఆ నెల 6న మైక్రోసాఫ్ట్ తన కొత్త ఎక్స్‌బాక్స్ వన్‌కి రూల్స్ చెప్పింది. కన్సోల్ 24 గంటలకోసారి నెట్‌కి కనెక్ట్ అయి తీరాలి, లేకపోతే ఆట ఆగిపోతుంది. మీరు డబ్బు పెట్టి కొన్న డిస్క్‌ని ఫ్రెండ్‌కి ఇవ్వాలంటే ఆ ఫ్రెండ్ మీ లిస్టులో కనీసం 30 రోజులుగా ఉండాలి, అదీ ఒక ఆటని ఒక్కసారే ఇవ్వగలరు. సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోనివ్వాలా వద్దా అన్నది ఆట తీసిన కంపెనీ ఇష్టం. బదులుగా కుటుంబంలో పదిమంది వరకు ఒకరి ఆటలు ఒకరు ఆడుకోవచ్చని ఆశ చూపించారు. అది మంచి ఆలోచనే అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉండనివ్వండి.

నెట్ లేనివాళ్ళ సంగతేంటని అడిగితే ఆ విభాగం పెద్ద డాన్ మాట్రిక్, వాళ్ళ కోసం మా దగ్గర ఎక్స్‌బాక్స్ 360 ఉందిగా అన్నాడు. అంటే పాతదే కొనుక్కో, పో అని.

ఆ రోజుల్లోనే లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే వీడియో గేముల ప్రదర్శన. మైక్రోసాఫ్ట్ మాట్లాడింది మనకి జూన్ 10 రాత్రి, సోనీ మాట్లాడింది 11 పొద్దున్నే. మైక్రోసాఫ్ట్ ధర 499 డాలర్లు, మన కదలికల్ని పట్టే కినెక్ట్ కెమెరా అక్కర్లేకపోయినా పెట్టెలో అంటగట్టి. సోనీ వాళ్ళ జాక్ ట్రెటన్ స్టేజ్ మీద నిలబడి, పీఎస్4లో పాత డిస్కులకి ఏ ఆంక్షా లేదు, ఇచ్చుకోండి, అమ్ముకోండి, దాచుకోండి అనేసరికి హాలు దద్దరిల్లింది. ఆ వెంటనే ధర 399. అది చాలదన్నట్టు ఆటని పంచుకోవడం ఎలా అని ఒక వీడియో వదిలారు, మొత్తం 22 సెకన్లు: ఒకాయన డిస్క్ డబ్బా ఇంకొకాయన చేతికిస్తాడు, ఆయన థాంక్స్ అంటాడు, అయిపోయింది.

19వ తేదీకల్లా మైక్రోసాఫ్ట్ రూల్స్ వెనక్కి తీసుకుంది. జూలై మొదట్లో మాట్రిక్ కంపెనీ వదిలేసి జింగా అనే ఇంకో గేముల కంపెనీకి వెళ్ళిపోయాడు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

అమెరికా వాళ్ళకి అది హక్కుల గొడవ, మన ఊళ్ళో బతుకు గొడవ. ఆ ఏడాది అక్టోబరులో సమైక్యాంధ్ర ఉద్యమంలో విజయనగరంలో కర్ఫ్యూ పెట్టారు, విద్యుత్ ఉద్యోగుల సమ్మెతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఏడాది తిరిగాక 2014 సెప్టెంబరు 23న ఎక్స్‌బాక్స్ వన్ మన దేశంలోకి కినెక్ట్‌తో కలిపి 45,990కి దిగింది, పీఎస్4 జనవరిలోనే 39,990కి వచ్చేసి కూర్చుంది. ఆ తర్వాత మూడు వారాలు తిరక్కుండా, అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను. కరెంటు లేనన్నాళ్ళూ ఎలాగూ ఆట లేదనుకోండి. మా వీధికి కరెంటు వచ్చాక కూడా నెట్ వైరు చాలా రోజులు తెగి వేలాడుతూనే ఉంది. ఆ రోజుల్లో పక్కింటి గుంటలతో సహా అందరం పీఎస్4 ముందు కూర్చున్నాం, డిస్క్ పెట్టాం, ఆడాం. రోజుకోసారి నెట్ అడిగే పెట్టె అయ్యుంటే దాని మీద దుప్పటి కప్పడమే.

ఆ తరం కన్సోళ్ళలో పీఎస్4 11 కోట్లకి పైగా అమ్ముడైంది. ఎక్స్‌బాక్స్ వన్ అమ్మకాలు చెప్పడం మైక్రోసాఫ్ట్ మధ్యలోనే మానేసింది, కానీ 2022లో బ్రెజిల్ అధికారులకిచ్చిన కాగితాల్లో సోనీ తమకంటే రెట్టింపు పైగా అమ్మిందని తనే ఒప్పుకుంది.

మా బావమరిదికి ఎంత చెప్పినా ఎక్కనిది దీని తర్వాత సంగతి. డిస్క్ కోసం జరిగిన యుద్ధంలో సోనీ గెలిచిన ఆ ఏళ్ళలోనే జనం డిస్క్ వదిలి డౌన్‌లోడ్‌కి అలవాటుపడ్డారు. అప్పటి ఎక్స్‌బాక్స్ పెద్ద ఫిల్ స్పెన్సర్ 2023లో ఇదే అన్నాడు: ఏ తరంలో ఓడకూడదో ఆ తరంలో ఓడిపోయాం, అందరూ తమ డిజిటల్ లైబ్రరీ కట్టుకున్నది అప్పుడే అని. అకౌంట్లో పదేళ్ళ ఆటలు పోగేసుకున్నవాడు ఇంకో కంపెనీ పెట్టె ఎందుకు కొంటాడు? ఇప్పుడు సోనీకి కూడా డిస్క్ మీద ప్రేమ తగ్గింది. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రోలో డ్రైవే లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి అసలు డ్రైవ్ పెట్టే వీలే లేదు. ఎక్స్‌బాక్స్ బలమంతా నెల చందా కట్టి ఆటలు ఆడుకునే గేమ్ పాస్, దాని పెద్ద ప్లాన్ 2025 అక్టోబరులో అమెరికాలో 19.99 నుంచి 29.99 డాలర్లకి ఎగిరింది.

డిస్క్ అంటే ఏంటో చూడాలంటే గంటస్తంభం దగ్గర పాత గేములు కొని అమ్మే కొట్టుకి వెళ్ళాలి. అక్కడి కుర్రాడు డబ్బా తెరిచి, డిస్క్‌ని అంచులు పట్టుకుని పైకెత్తి, ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ వంచుతాడు. గీత కనిపిస్తే నోటితో ఊది చొక్కా అంచుతో తుడుస్తాడు, మళ్ళీ చూస్తాడు. అప్పుడు రేటు చెప్తాడు. కొత్తలో 4,999కి కొన్న ఆటకి పోయినసారి నాకు 2,800 ఇచ్చాడు. అలాంటి నాలుగైదు ఆటలు తిప్పితే పదివేల తేడా తీరిపోతుంది. డౌన్‌లోడ్ చేసిన ఆటని వాడి చేతిలో ఎలా పెడతాం?

"స్లిమ్ అయితే డ్రైవ్ తర్వాతైనా బిగించుకోవచ్చు కదా బావా" అన్నాడు నిన్న. నిజమే, బిగించుకోవచ్చు. మొదటిసారి బిగించినప్పుడు మాత్రం కన్సోల్ నెట్‌కి కనెక్ట్ అయి ఉండాలి. ఆ 22 సెకన్ల వీడియో తీసిన కంపెనీయే పెట్టిన షరతు ఇది. వాడు కాసేపు ఫోన్ వైపు చూసి, "మరి గాలివానొస్తే ఏటవుద్ది" అన్నాడు.