ఒకే గదిలో పంచుకునే ఊపిరి

"మనవడికి ఫ్లూ వచ్చింది. మూడో రోజుకల్లా వాడితో ఏసీ గదిలో పడుకున్న కొడుకూ కోడలూ మంచం పట్టారు. పగలంతా వాడికి గంజి తాగించింది నేనే, హాల్లో పడుకున్న నాకు మాత్రం ఏమీ కాలేదు. ఎందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు రాత్రి గదిలోని గాలిలో ఉంది.

దగ్గినప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవాలని బడిలో నేర్పుతాం. మామూలుగా ఊపిరి వదిలినప్పుడు, మాట్లాడినప్పుడు వెలువడే సూక్ష్మ తుంపర్ల గురించి చెప్పం. 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపర నోటి ఎత్తు నుంచి అయిదారు సెకన్లలో నేలకు చేరుతుంది. 5 మైక్రాన్లదానికి కదలని గాలిలోనే అరగంట పడుతుంది, 1 మైక్రాన్‌దానికి పది గంటలు దాటుతుంది. నేలకు చేరేలోపే చిన్న తుంపర్లు ఆరిపోయి, మిగిలిన రేణువులు గాలిలో తేలుతూ ఉంటాయని అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ 1934లోనే వివరించారు. కిటికీలోంచి పడే ఎండచారలో అగరుబత్తి పొగ ఎలా సుడులు తిరుగుతుందో చూడండి. ఈ రేణువులూ అలాగే గదంతా కలుస్తాయి.

ఇప్పుడు ఆ గది లెక్క చూద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులైతే అందులో సుమారు 28,000 లీటర్ల గాలి పడుతుంది. నిద్రలో ముగ్గురూ కలిసి గంటకు దాదాపు 30 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. మనం వదిలే ఊపిరిలో అది 4 శాతం మాత్రమే కాబట్టి, రెండు గంటల్లో వచ్చే 60 లీటర్ల వెనుక 1,500 లీటర్ల వదిలిన ఊపిరి ఉన్నట్టు. గాలి ఎటూ పోని గదిలో అప్పటికి ప్రతి ఇరవై పాళ్లలో ఒక పాలు ఎవరో ఒకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చినదే అవుతుంది. అందులో పిల్లవాడిది నాలుగో వంతు అనుకుని, నిమిషానికి పదిహేను సార్లు ఊపిరి తీస్తే, తల్లి దాదాపు అయిదు నిమిషాలకొకసారి వాడు వదిలిన గాలిని ఒక నిండు ఊపిరికి సరిపడా పీల్చినట్టు లెక్క. తలుపు సందుల్లోంచి కొంత గాలి మారుతుంది కాబట్టి నిజంలో ఇది తగ్గుతుంది. తెల్లవారేదాకా పడుకుంటారు కాబట్టి పీల్చిన మొత్తం పెరుగుతూ పోతుంది. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలోని గాలినే చల్లబరిచి తిరిగి వదులుతుంది. సీలింగ్ ఫ్యాన్ కూడా ఉన్న గాలిని కలియదిప్పడమే చేస్తుంది. పొద్దున తలుపు తీయగానే తగిలే ఆ మూసిన గది వాసన ఈ లెక్కకు సాక్ష్యం.

ఆటలమ్మ సోకితే గుమ్మానికి వేపమండలు కట్టి, పరాయివారిని లోపలికి రానివ్వని ఆచారం మనకుంది. అమ్మవారి ఆగ్రహమనేది మూఢనమ్మకమే అయినా, రోగిని వేరుగా ఉంచడం సరైన పనే. ఇంగ్లండ్‌లోని సైరెన్‌సెస్టర్ వైద్యుడు హోప్-సింప్సన్ 1952లో ప్రచురించిన లెక్కల ప్రకారం, అంతకుముందు ఆ జబ్బు రాని ఇంటివారిలో తట్టు సుమారు 76 శాతానికి, ఆటలమ్మ 61 శాతానికి, గవదబిళ్లలు 31 శాతానికి అంటుకున్నాయి. అంత తీవ్రంగా అంటుకునే తట్టు సైతం ఒకే కప్పు కింద కొందరిని వదిలేసింది.

ఫ్లూ లక్షణాలు కనబడడానికి ఒక రోజు ముందు నుంచే వైరస్ బయటికి రావచ్చు కాబట్టి, పిల్లవాడు మొదటిసారి దగ్గేనాటికే ఆ గదిలో ఒక రాత్రి గడిచిపోయి ఉండవచ్చు. పాఠకురాలికి పాత ఫ్లూల వల్ల వచ్చిన రోగనిరోధక శక్తి కూడా తోడ్పడి ఉండవచ్చు. అయినా హాల్లో ఎదురెదురు కిటికీలు రాత్రంతా తెరిచే ఉన్నాయని ఆమె రాసిన మాట నాకు ముఖ్యంగా తోచింది. ఏసీ గదిలోనూ కిటికీ రెక్కను నాలుగు వేళ్ల మందాన తెరిచి, పక్కనున్న స్నానాలగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచితే, కరెంటు కాస్త ఎక్కువ ఖర్చయినా, పిల్లవాడు వదిలిన గాలిలో చాలా భాగం తల్లి ముక్కు దాకా రాకుండానే బయటికి వెళ్లిపోతుంది.