అట్ట మీది పెన్ను గీతలు

నల్లగొండలో ఒక పాత మైకు సెట్టు దుకాణం వాళ్ల రికార్డుల గొడవ మళ్లీ రాజుకుంది. దుకాణం అన్నదమ్ములది. నిరుడు అన్న కొన్ని ఎల్పీల (పెద్ద గ్రామఫోన్ రికార్డుల) అట్టల్ని హైదరాబాద్ బేరగాళ్లకు అమ్మాడు. ఫ్రేములు కట్టించి కాఫీ హోటళ్ల గోడలకు తగిలిస్తారట. అట్టలు పోయాయి, లోపలి రికార్డులు గోనెసంచిలో మిగిలాయి. ఇప్పుడు మిగతావీ అడుగుతున్నారు. తమ్ముడు ససేమిరా అంటున్నాడు.

గ్రామఫోన్ పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసినవే. ఈ తగువు మూలం మాత్రం 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతరకం) పోయి ఎల్పీ వచ్చిన చోట ఉంది. 78కి సొంత బొమ్మ ఉండేది కాదు. కంపెనీ పేరు అచ్చేసిన కాగితం సంచి, నడుమ గుండ్రటి కంతలోంచి కనబడే లేబుల్, అంతే. అమెరికాలో కొలంబియా కంపెనీకి అలెక్స్ స్టైన్‌వైస్ 1940 నాటికే అట్టలకు బొమ్మలు వేస్తున్నాడు. 1948లో అదే కంపెనీ ఎల్పీ తెచ్చింది. మన దేశంలో 1960ల్లోనూ 78లు వస్తూనే ఉన్నాయి. 12 అంగుళాల ఎల్పీ, 7 అంగుళాల చిన్న రికార్డు ఈపీ రంగుల అట్టలతో మైకు సెట్టు పెట్టెల్లోకి చేరాక పని తీరే మారిపోయింది.

చాలా అట్టల మీద పాటల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండేవి. అవి చదవలేని ఆపరేటర్‌కు బొమ్మే ఆధారం. చెర్వుగట్టు జాతరలోనో, దేవరకొండ దిక్కు లగ్గంలోనో, ఒక్క బల్బు వెలుగులో పెట్టెలోని అట్టల్ని వేళ్లతో ముందుకు వంచుతూ పోతుంటే, పై అంచున రంగు చూసి చెయ్యి దానంతటదే ఆగేది. హీరోయిన్ ఎర్రచీర, వెనక పసుపు ఆకాశం: ఇది ఫలానా సినిమా.

తమ్ముడు ఒక అట్ట చేతికిచ్చాడు. కుడివైపు కింది మూల బొటనవేలు పట్టిన చోట రంగంతా పోయి గోధుమరంగు అట్ట బయటపడింది. హీరో భుజం మీద నీలం బాల్‌పెన్నుతో 'అప్పగింత, రెండో దిక్కు, 3' అని వాళ్ల నాయన రాత. అంటే అప్పగింతల వేళకు రికార్డు రెండో వైపు మూడో పాట. నిరుడు కొన్నవాళ్లు ఇలాంటి రాతల్నే స్పిరిట్ పెట్టి తుడిచేశారట, బొమ్మ శుభ్రంగా ఉండాలని. తమ్ముడికి కోపం అమ్మినందుకు కాదు, అందుకు. ఏ పాట ఏ వేళకో నాయన దగ్గర వేరే పుస్తకమేమీ లేదు, ఆ అట్టలే పుస్తకం.

అన్న అనేదీ కొట్టిపారేయలేం. చెదలు పడుతున్నాయి, రేకుల గదిలో ఎండకు రికార్డులు వంగిపోయాయి, ముల్లు నిలవదు. 1980ల్లో క్యాసెట్ వచ్చి బొమ్మను అరచేతిలోకి కుదించేసింది కాబట్టే ఇప్పుడు ఈ పెద్ద అట్టలకు గిరాకీ.

మిగిలిన అట్టలు రికార్డులతో సహా ఇనుప పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి తమ్ముడి దగ్గరుంది. బేరగాళ్లు వచ్చే ఆదివారం మళ్లీ వస్తామన్నారు.