తండ్రి లేని ఈగకి తాత ఉన్నాడు

"తాతా, ఈ ఆకులెవులు కత్తిరించీసినారు?" అంటూ మా మనవరాలు గులాబీ కొమ్మ పట్టుకొచ్చింది. ఆకుల అంచుల్లో చొక్కా గుండీ ఆనించి గీసి కోసినట్టు గుండ్రటి కోతలు. మా ఆవిడ అప్పటికే మందు కొట్టించమని పోరుతోంది. గొంగళిపురుగు తింటే అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇంత నున్నగా కోసేది ఒక తేనెటీగ. శాస్త్రంలో దాన్ని మెగకైలీ అంటారు, మేం ఇంట్లో దర్జీ ఈగ అనుకుంటాం. కోసిన ఆకు తినదు, పిల్లల గదికి గోడ కట్టుకుంటుంది.

తేనెపట్టు, రాణి, కూలి ఈగలు... ఆ పాఠం బళ్లో అందరం చదివాం, వదిలేద్దాం. ప్రపంచంలో తేనెటీగ జాతులు దాదాపు 20,000 ఉంటే, వాటిలో ఎక్కువ భాగం ఒంటరివే. రాణీ లేదు, పట్టూ లేదు, మనం పిండుకునే తేనే లేదు. కాపలా కాయడానికి నిల్వ లేదు కాబట్టి మీదకి రావు. ఆడదానికి కొండి ఉన్నా, చేత్తో నలిపితే తప్ప సాధారణంగా కుట్టదు. అందుకే పిల్లల్ని పక్కన నిలబెట్టి ధైర్యంగా చూపించవచ్చు.

మొదటి ఏడాది ఈ ఈగలు గూడు పెట్టుకోడానికని ఆన్‌లైన్‌లో ఒక బొమ్మరిల్లు కొన్నాను. ముద్దుగా ఉంది. గొట్టాలు మూడు వేళ్ల పొడుగు, రెండు వైపులా తెరిచే ఉన్నాయి. సాలీడు తప్ప ఎవరూ దిగలేదు. రెండో ఏడాది విజయనగరంలో బుట్టలల్లే వాళ్ల దగ్గర సన్నవెదురు తెచ్చి, కణుపు వెనక వైపుకి వచ్చేలా జానెడు ముక్కలు కోశాం. కణుపే వెనక గోడ. పెన్సిల్ దూరేంత రంధ్రం, అంటే 7–8 మిల్లీమీటర్లు. ముప్పై ముక్కలు కట్టగట్టి, చూరు కింద వాన పడని చోట, తూర్పు ముఖంగా, పిల్ల కళ్ల ఎత్తున కదలకుండా బిగించాం.

ఇక్కడ అసలు విషయం గొట్టం పొడుగు.

తల్లి ఈగ గొట్టం అడుగుకి వెళ్లి ఆకుముక్కలతో గిన్నెలాంటి గది చేస్తుంది. పొట్ట కింద వెంట్రుకల్లో పుప్పొడి మోసుకొస్తుంది. పొలం గట్ల మీద కంది పూసినప్పుడు చూడండి, పొట్ట పచ్చగా అంటుకుని ఉంటుంది. ఆ పుప్పొడిని మకరందంతో కలిపి చలిమిడి ముద్దలా పెట్టి, పైన ఒక్క గుడ్డు పెట్టి, గుండ్రటి ఆకుబిళ్లతో మూత వేస్తుంది. దాని ముందు ఇంకో గది, దాని ముందు మరొకటి. ఒకే తలుపున్న రైలుపెట్టెలా అన్నమాట. ముందు ఎక్కినవాడు లోపల, ఆఖరున ఎక్కినవాడు గుమ్మం దగ్గర. మరి లోపలివాడు ముందు దిగాలంటే ఎలా?

తల్లి దీనికి ఏర్పాటు చేస్తుంది. మగదాని వీర్యం ఆమె ఒంట్లో చిన్న సంచిలో దాచి ఉంటుంది. గుడ్డు దిగేటప్పుడు సంచి మూతి తెరిస్తే ఆడపిల్ల, మూసి ఉంచితే మగపిల్లవాడు. లోపలి గదుల్లో పెద్ద ముద్దలు పెట్టి ఆడపిల్లల్ని, గుమ్మం దగ్గర చిన్న ముద్దలతో మగపిల్లల్ని పెడుతుంది. మగవి ముందు ఎదిగి దిగిపోతాయి, దారి ఖాళీ. గుమ్మం దగ్గరి గదులకే శత్రువు భయమూ ఎక్కువ. ఫ్రాన్సులో పురుగుల్ని పరిశీలించిన శాస్త్రవేత్త ఫాబ్రె (1823–1915) ఇంకో జాతి ఒంటరి ఈగలకి ఇరుకు గొట్టాలు, పొట్టి గొట్టాలు ఇచ్చి చూశాడు. చాలావరకు మగవే పుట్టాయి. నా మూడు వేళ్ల బొమ్మరిల్లులో ఎవరైనా దిగి ఉన్నా పెళ్లికూతుళ్లు కరువయ్యేవారు.

మగ ఈగకి తండ్రి లేడు. తల్లికి మాత్రం తల్లీతండ్రీ ఇద్దరూ ఉన్నారు కనక తాత ఉన్నాడు. మనవరాలికి కాగితం ఇచ్చి ఒక్కో పైతరంలో ఎందరో లెక్కపెట్టమంటే 1, 2, 3, 5, 8 వచ్చింది. పన్నెండో శతాబ్దంలో జైన పండితుడు హేమచంద్రుడు లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు చొప్పున పాదాలు ఎన్ని రకాలుగా అల్లవచ్చో లెక్కవేస్తే తేలిన వరుస కూడా ఇదే. బళ్లో ఛందస్సు ఒక పీరియడు, జీవశాస్త్రం ఇంకో పీరియడు. రెండింటికీ మధ్య గోడ ఎవరు కట్టారో!

మూతలు చూస్తే అద్దెకున్నది ఎవరో తెలిసిపోతుంది. ఆకు మూత దర్జీది. మట్టి మూత వేసింది కందిరీగల చుట్టం. మా ఆవిడ భ్రమరకీట న్యాయం చెప్పింది: పురుగుని తెచ్చి చుట్టూ ఝుమ్మంటుంటే అదీ భ్రమరమైపోతుందట. నిజానికి లోపలున్న గొంగళిపురుగు చావలేదు, కొండి దెబ్బకి చచ్చుబడింది. దాని పక్కన పెట్టిన గుడ్డులోంచి వచ్చే పిల్లకి అదే భోజనం. మనవరాలు రెండు కథలూ విని, రెండోదే బాగుందంది.

నేల తొలిచి గూడు పెట్టే ఈగలే ఎక్కువ. వాటికి ఈ వెదురు పనికిరాదు. వాకిలంతా సిమెంటు చేయించింది నేనే. దొడ్లో బావి పక్కన మంచమంత జాగా వదిలేశాం, ఎండ తగిలేలా, గడ్డి లేకుండా.

మొన్న ఒక ఆకు మూత ఊడింది. పిల్ల సుద్దముక్కతో ఆ గొట్టానికి గుర్తు పెట్టి కూర్చుంది. దర్జీ ఈగ వస్తుందనుకుంటే, తోక శంకువులా మొన తేలిన నల్లటి ఈగ బయటికొచ్చింది. పొట్ట కింద పుప్పొడి వెంట్రుకలు లేవు. దీని తల్లి కోకిలలా దర్జీ గదిలో గుడ్డు పెట్టి పోయింది. ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల దర్జీ బిడ్డని చంపి, చలిమిడి తిని పెరిగింది. కాసేపు రెక్కలు ఆరబెట్టుకుని, మా కట్ట ముందే ఎగురుతూ, నోళ్లు తెరిచిన గొట్టాలు ఒక్కొక్కటీ తొంగి చూడటం మొదలుపెట్టింది.