మేకను అన్నం పెట్టి మచ్చిక చేయకండి: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆదివారం సాయంత్రం ఫోన్ మోగిందంటే నాకు టెన్షన్. "అక్కా, మీ దగ్గర తీసుకున్న మేక పొద్దుటి నుంచి పడుకునే ఉంది, లేవట్లేదు." ఏం పెట్టారని అడిగితే ముందు "రోజూ తినేదే అక్కా" అంటారు. మళ్లీ గుచ్చి అడిగితే బయటికొస్తుంది: నిన్న చుట్టాలొచ్చారు, పిల్లలు అన్నం పెట్టారు, చపాతీలు పెట్టారు, ఎంత ఇష్టంగా తిన్నదో!

వికారాబాద్ దగ్గర మా రెండెకరాల్లో ఇరవై దాకా ఉస్మానాబాదీ మేకలు, నలభై కోళ్లు ఉన్నాయి. ఊరి బయట చిన్న తోట కొనుక్కున్నవాళ్లు, పిల్లలతో కలిసిపోయే జీవాలు కావాలని వస్తుంటారు. వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేదే ఇప్పుడు రాస్తున్నాను.

అపోహ: మేక ఏదైనా అరిగించుకుంటుంది, తిండి పెడితేనే మచ్చికవుతుంది.

వాస్తవం: ఈ ఒక్క మాట వల్ల పోయినన్ని మచ్చిక మేకలు, నేను చూసినంతలో, ఏ రోగంతోనూ పోలేదు. మేక పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆకును, గడ్డిని నిదానంగా పులియబెడతాయి. అన్నం, బియ్యం, చపాతీ, మొక్కజొన్న ఒక్కసారిగా ఎక్కువ పడితే గబగబా పులిసి లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. ఆ పులుపుకు మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఒంట్లో నీరు పొట్టలోకి చేరి జీవం ఎండిపోతుంది. నెమరు ఆగిపోతుంది, పళ్లు కొరుకుతుంది, ఎడమ డొక్క నొక్కితే నీళ్లు తొణికినట్టుంటుంది, పుల్లటి వాసనతో పారుకుంటుంది, తూలుతుంది. ముదిరితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. కోళ్ల దాణా గంప తెరిచి ఉంచినా ఇదే జరుగుతుంది.

"చిటుక రోగం టీకా వేయించాం కదా" అంటారు. చిటుక రోగం పేగుల్లో బ్యాక్టీరియా విషం వల్ల వచ్చేది. ఆ టీకా వానలకు ముందు ఏటా వేయించాల్సిందే, కానీ ఈ పులుపును అది ఆపదు.

మేం మేకలు మొదలుపెట్టిన రెండో ఏడు, మా తమ్ముడి కొడుకు పుట్టినరోజు పొలంలోనే చేశాం. మా మందలో చిన్ని అనే మేక ఉండేది. ఎవరు పిలిచినా వచ్చేది, ఒళ్లో తల పెట్టేది. ఆ రోజు వచ్చినవాళ్లలో ఒక్కొక్కరూ దానికి పిడికెడు బగారా అన్నం పెట్టారు. ఒక్కరు పెట్టిన పిడికెడుతో ఏమయ్యేది కాదు. మనిషిని చూస్తే పారిపోయే మేకలకు ఒక్క మెతుకు అందలేదు, అవి బతికాయి. చిన్ని మూడో రోజు తెల్లారేసరికి లేదు. దాన్ని అంత మచ్చిక చేసిన చేతులు నావే. అందుకే ఫోన్‌లో ఏడ్చేవాళ్లను నేను తిట్టలేను. ప్రేమతోనే పెట్టారు, ఎవరూ చెప్పలేదు, అంతే.

మీ మేక ఇప్పటికే తినేసిందా? నాలుగు మెతుకులకు కంగారు పడకండి. దాణా ఆపి ఎండుగడ్డి వేయండి, నెమరు వేస్తోందో లేదో చూస్తూ ఉండండి. ఎక్కువే తిన్నదని తెలిస్తే మాత్రం లక్షణాల కోసం ఆగొద్దు, వెంటనే పశువైద్యుడికి గానీ, సంచార పశువైద్య సేవల నంబరు 1962కి గానీ ఫోన్ చేయండి. పడిపోయిన మేక నోట్లో నూనె, సోడా నీళ్లు బలవంతంగా పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మరి మచ్చిక ఎలా? కూర్చోవడమే. సాయంత్రం మేకలు నెమరు వేసే వేళ కొట్టంలో కింద కూర్చోండి, పదిహేను నిమిషాలు, రోజూ. పిలవొద్దు, పట్టుకోవద్దు. వారం పది రోజుల్లో ఏదో ఒకటి వచ్చి మీ చొక్కా వాసన చూస్తుంది. అప్పుడు గడ్డం కింద, రొమ్ము మీద గోకండి. చేతిలో ఏదైనా ఉండాలనిపిస్తే సుబాబుల్ రెమ్మో అవిశె ఆకో చాలు. పుట్టిన మొదటి రోజుల నుంచే చేతిలోకి తీసుకున్న మేకపిల్లలైతే ఈ కష్టం కూడా ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

మాయ పడేదాకా పిల్లకు పాలు తాగనివ్వకూడదంటారు. శుద్ధ అబద్ధం. మొదటి గంటలోనే ముర్రుపాలు తాగాలి. వాటిలోని రక్షణ పదార్థాలను పిల్ల పేగు బాగా పీల్చుకునేది ఆ మొదటి కొన్ని గంటల్లోనే.

ఒక్క మేకనే పెంచితే మనతోనే ఉంటుందనుకుంటారు. అది మంద జీవి, ఒంటరైతే రాత్రింబవళ్లు అరుస్తుంది. రెండు లేకుండా నేను అమ్మను.

పోతుపిల్ల నుదురు నెట్టి ఆడించడం ముద్దుగానే ఉంటుంది. ఏడాది తిరిగాక అదే ఆట మీ పిల్లాడితో ఆడుతుంది.

ఏ ఆకు తినాలో మేకకు తెలుసంటారు. కంచె వెంట గన్నేరు ఉంటే ముందు అది తీసేయండి. కొద్ది ఆకులు చాలు చంపడానికి.

పందెం జాతి కోడి మనుషుల మీద పడుతుందన్నదీ అంతే. అసీల్ అనే ఆ జాతి పోట్లాట తోటి పుంజుతో. మనిషి చేతిలో అంత నెమ్మదిగా ఉండే కోడిని నేను చూడలేదు. ఏ కోడినైనా పైనుంచి పట్టుకోబోతే గద్ద అనుకుని బెదురుతుంది. కింద కూర్చుని పక్కనుంచి చేయి చాపండి. కోళ్లకు గింజలు చేత్తో పెట్టొచ్చు, మేకలు కొట్టంలో ఉన్నప్పుడు.

ఇప్పుడు మా పొలంలో ఏ ఫంక్షన్ జరిగినా భోజనాలకు ముందే మచ్చిక మేకలను కొట్టంలో పెట్టి తలుపు వేస్తాను. చూస్తామన్న పిల్లలకు తలా ఒక సుబాబుల్ రెమ్మ ఇచ్చి, నేనే లోపలికి తీసుకెళ్తాను.