మొనాకోకి వేరే వీసా కావాలా? అపోహలు - వాస్తవాలు

ఫ్రాన్స్‌లోని నీస్‌లో హోటల్ లాబీ. మా గ్రూపంతా మొనాకో రైలుకి బయల్దేరుతుంటే, ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య మాత్రం సోఫాలోంచి లేవలేదు. "మీరెళ్లి రండి బాబూ, మేం ఇక్కడే ఉంటాం" అన్నారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసి, వీసాలో ఎంట్రీల సంఖ్య దగ్గర ఉన్న 01 మీద వేలు పెట్టి చూపించారు. మొనాకో వేరే దేశం కదా, అక్కడ అడుగు పెడితే ఆ ఒక్క ఎంట్రీ అయిపోతుందట, మళ్లీ ఫ్రాన్స్‌లోకి రానివ్వరట. బయల్దేరే ముందు తెలిసినవాళ్లెవరో చెప్పారట. ఆ టెన్షన్‌తో రాత్రంతా ఇద్దరికీ నిద్ర లేదు.

టూర్ మేనేజర్‌గా నేను ప్రతి సీజన్‌లో వినే మాటే ఇది. ఈ భయంతో మొనాకోని ప్లాన్‌లోంచి తీసేసినవాళ్లున్నారు. 'మొనాకో పర్మిట్' పేరుతో ఒక ఏజెంటుకి వేలు కట్టినవాళ్లూ ఉన్నారు. అలాంటి పర్మిట్ లేదు. భయపడేవాళ్లని నేను తప్పుపట్టను, జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణం అది. తెలియకుండా చెప్పేవాళ్ల మీదే నాకు కోపం.

వాస్తవం ఇది. ఫ్రాన్స్‌లో తిరగడానికి చెల్లే షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) ఉంటే మొనాకోకి అదే చాలు. మొనాకో షెంగెన్ ఒప్పందంలో సభ్యదేశం కాదు, నిజమే. కానీ ఫ్రాన్స్‌తో దాని సరిహద్దు తెరిచే ఉంటుంది. మొనాకో రేవులో, హెలిపోర్టులో సరిహద్దు తనిఖీ మొనాకో అధికారులతో పాటు ఫ్రెంచి అధికారులూ చూస్తారు. అందుకే అక్కడికి వెళ్లి రావడం షెంగెన్ దాటి వెళ్లినట్టు కాదు, ఎంట్రీ తగ్గదు. అక్కడ గడిపిన రోజులు షెంగెన్ వీసా మీద ఉండనిచ్చే 90 రోజుల లెక్కలోకే వస్తాయి. కేవలం మొనాకో కోసమే వెళ్లినా వీసాకి ఫ్రెంచి కాన్సులేట్‌లోనే దరఖాస్తు చేయాలి. ఇంకో మాట, ఈ వీసాకి సింగిల్ ఎంట్రీ అయినా మల్టిపుల్ అయినా కాన్సులేట్ ఫీజు ఒకటే. 'మల్టిపుల్ చేయిస్తాం, ఇంకొంచెం కట్టండి' అంటే ఆ ఇంకొంచెం ఎవరి జేబులోకో అడగండి.

ఇదెందుకిలా ఉందో తెలియాలంటే మొనాకో కథ కాస్త తెలియాలి. 1297 జనవరి 8న ఫ్రాంస్వా గ్రిమాల్డి సన్యాసి వేషంలో వచ్చి అక్కడి కోటని పట్టుకున్నాడని చెబుతారు. ఆ వంశ చిహ్నంలో ఇప్పటికీ కత్తులు పట్టిన ఇద్దరు సన్యాసులు కనిపిస్తారు. అసలు మలుపు 1861. నిమ్మకాయలు, ఆలివ్ నూనెతో ఖజానా నింపిన మాంటన్, రోక్‌బ్రూన్ ఊళ్లు పన్నులు భరించలేక 1848లోనే తిరగబడి విడిపోయాయి. 1861లో వాటిని 40 లక్షల ఫ్రాంకులకి ఫ్రాన్స్‌కి రాసిచ్చారు. దాంతో ఉన్న నేలలో దాదాపు 95 శాతం పోయింది. మిగిలిన బండరాయి మీద బతకడానికి అప్పటి పాలకుడు మూడవ షార్ల్ క్యాసినో పెట్టించాడు. 1865లో ఫ్రాన్స్‌తో కస్టమ్స్ కలిపేసుకున్నాడు. 1868లో రైలు వచ్చింది, జనం వచ్చారు, డబ్బు వచ్చింది. మరుసటి ఏడాది ఆదాయపు పన్ను తీసేశారు. ఫ్రాన్స్‌తో సరిహద్దు ఒక్కసారి గట్టిగా మూసినట్టయింది 1962లోనే. పన్ను తగాదాలో ఫ్రెంచి అధ్యక్షుడు డి గాల్ రోడ్ల మీద కస్టమ్స్ వాళ్లని నిలబెట్టాడు. 1963లో రాజీ కుదిరింది.

ఇదంతా ఆ దంపతులకి లాబీలోనే చెప్పాను. మాస్టారు లేచారు, ఆవిడ ఇంకా తటపటాయిస్తూనే వచ్చారు. రైలు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. కొండ లోపల తొలిచిన స్టేషన్‌లో దిగాం, ఎవరూ ఏమీ అడగలేదు. మధ్యాహ్నం వాళ్లని ఎగువన ఒక వీధికి తీసుకెళ్లాను. ఒక వైపు ఫుట్‌పాత్ మొనాకో, ఎదురు ఫుట్‌పాత్ ఫ్రాన్స్‌లోని బొసోలే. ఇటు దాని పేరు బులెవార్ ద ఫ్రాన్స్, అటు ఇంకో పేరు. గేటు లేదు, గీత లేదు. ఒకావిడ కూరగాయల సంచీతో అటు నుంచి ఇటు దాటింది. మాస్టారి భార్య పాస్‌పోర్టు గుండెకి అదుముకుని రోడ్డు దాటి, అటు నిలబడి, మళ్లీ ఇటు వచ్చారు. "ఇంతేనా బాబూ!" అని ఆయన వైపు చూసి నవ్వారు.

పాస్‌పోర్టు మాత్రం దగ్గర ఉంచుకోండి. ఇటలీ వైపు నుంచి రైల్లో వస్తే మాంటన్ దగ్గర ఫ్రెంచి పోలీసులు చూడొచ్చు. క్యాసినో గదుల్లోకి వెళ్లాలన్నా గుర్తింపు పత్రం కావాలి, 18 నిండాలి.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. క్యాసినో డబ్బుతోనే దేశం నడుస్తుందంటారు. ఒకప్పుడు నిజం. ఇప్పుడు ఖజానాకి పెద్ద ఆదాయం వ్యాట్. పైగా మొనాకో పౌరులకి ఆ క్యాసినోలో జూదం నిషిద్ధం. అక్కడ ఎవరికీ పన్ను లేదన్నది కూడా తప్పు. 1963 ఒప్పందం వల్ల అక్కడుండే ఫ్రెంచి పౌరుల్లో చాలామంది ఫ్రాన్స్‌కి పన్ను కడతారు. ప్రపంచంలో అతి చిన్న దేశమూ కాదు, అది వాటికన్. మొనాకో దాని తర్వాతిది, సుమారు రెండు చదరపు కిలోమీటర్లు. కోటీశ్వరులే వెళ్లాలన్నదీ అంతే. నీస్‌లో బస చేసి పగలు వెళ్లి రండి. లార్వొటో బీచ్‌కి టికెట్ లేదు, కొండెక్కించే లిఫ్టులు ఉచితం, 11:55కి ప్యాలెస్ ముందు గార్డులు మారడం చూడటానికీ డబ్బు అక్కర్లేదు. డబ్బు పెట్టదగ్గది ఓషనోగ్రఫిక్ మ్యూజియం. 1910లో అప్పటి పాలకుడు మొదటి ఆల్బర్ట్ తెరిచాడు, సముద్రపు అంచున కొండ మీద నిలబడి ఉంటుంది.

చివరగా, టూరిస్ట్ ఆఫీసులో మొనాకో ముద్ర వేసిస్తారు. అది జ్ఞాపకం కోసమే, వీసాతో సంబంధం లేదు. పాస్‌పోర్టులో వద్దు, డైరీలో వేయించుకోండి.